వాయిదా పొద్దున నా చెవులు

మా తమ్ముడి మనవరాలు వెన్నెలకు ఏడేళ్ళు. మిక్సీ వేస్తే చెవులు మూసుకొని మంచం కిందికి దూరుతుంది. బడి చొక్కా మెడ వెనకాల కుట్టిన గుడ్డముక్క ఒంటికి తగిలితే ఏడుస్తుంది. పెండ్లికి తీసుకుపోతే బ్యాండు మొదలుకాగానే వాంతి చేసుకుంటుంది. గారాబమని వాళ్ళమ్మ, మొండితనమని వాళ్ళ నాయన అంటున్నారు. పక్కింటావిడ దిష్టి అంది. దిష్టి అన్న మాట నేనున్న ఇంట్లో వినబడినందుకే పిల్ల చేయి పట్టుకొని ఆటో ఎక్కాను. యాభై ఏళ్ళుగా ఈ జిల్లాలో దయ్యాలనూ, దిష్టులనూ, బాబాలనూ వేదికలెక్కి దులిపినదాన్ని. నిమ్మకాయలు కోసి దిష్టి తీసేవాళ్ళను నిలబెట్టి రుజువు అడిగినదాన్ని. ప్రొద్దుటూరులో పిల్లల మనసు చూసే డాక్టరమ్మ ఒకామె ఉందని తెలిసి, దిష్టికి ఇదే నా జవాబు అనుకుంటూ పోయాను.

డాక్టరమ్మ చిన్న వయసుది. తలుపు మూసి, ఫ్యాను తగ్గించి, పిల్ల చేతికి రంగు పెన్సిళ్ళిచ్చి నన్ను అడగడం మొదలుపెట్టింది. వాసనలు అందరికంటే ముందు కనిపెడుతుందా? ఇంట్లో ఎవరికైనా కోపం వస్తే వాళ్ళు నోరు తెరవకముందే ముడుచుకుపోతుందా? జనంలోనుంచి వచ్చినాక ఒక మూల ఒంటరిగా ఉండాలంటుందా? అన్నిటికీ అవునన్నాను. నాలుగైదు ప్రశ్నలయ్యేసరికి పిల్ల గురించి చెబుతున్నానో నా గురించి చెబుతున్నానో నాకే తెలియకుండా పోయింది. ఆమె ఒక కాగితం మీద సెన్సరీ ప్రాసెసింగ్ సెన్సిటివిటీ అని రాసి నా చేతికిచ్చింది. "ఇది జబ్బు కాదమ్మా. కొంతమంది పుట్టుకే అంత. మన జల్లెడలో ఆగిపోయేవన్నీ వీళ్ళకు లోపలికి పోతాయి. పాప కల్పించి చెబుతోందని మాత్రం అనకండి. వినబడింది అంటే నిజంగా వినబడిందనే" అంది.

నేను లేచి బయటికొచ్చి కూర్చున్నాను. పిల్లకు జబ్బు లేదన్న మాటకు సంతోషించాల్సింది పోయి భయపడ్డాను. ఎందుకంటే, నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా చిన్నాయన చచ్చిపోయాడు. ఆ చావులో నా తప్పు ఉందా లేదా అన్న ప్రశ్నను నేను ఆ వయసులోనే ఒక గుంత తీసి పూడ్చేశాను. దాని మీద మూత పెట్టింది నా హేతువాదం. ఆ డాక్టరమ్మ తనకు తెలియకుండానే ఆ మూత తీసింది.

మా ఊరు జమ్మలమడుగు పక్కన ఉండేది. ఇప్పుడు గండికోట ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. మాది గొర్రెలు మేపుకొనే ఇల్లు. మా తాత కాలానికి కొంత నల్లరేగడి చేను వచ్చింది, చేనుతోపాటు గట్టు తగాదా వచ్చింది, తగాదాతోపాటు పార్టీ వచ్చింది. మా వైపు ఊర్లలో పార్టీ అంటే జెండా అనుకునేరు. ఎవరి ఇంటి ముందు నుంచి నడవొచ్చు, ఎవరి బావిలో చేద వెయ్యొచ్చు, ఎవరి అంగట్లో బెల్లం కొనొచ్చు, అదీ పార్టీ. జెండాలు తర్వాత వచ్చాయి. అవతలి పార్టీవాళ్ళు ఒక జెండా పట్టుకున్నారు కాబట్టి మేము ఇంకొకటి పట్టుకున్నాము. వాళ్ళు జెండా మారిస్తే మేమూ మార్చాము. చంపుకోవడం మాత్రం మారలేదు.

ఆ ఇంట్లో నాకు ప్రతిదీ ఎక్కువగా ఉండేది. వానకు తడిసిన కంబళ్ళ వాసన ఇంటిల్లిపాదికీ వాసనే, నాకు మాత్రం గొంతులో బొచ్చు అడ్డం పడ్డట్టుండేది. మా అవ్వ తెల్లవారకముందే జొన్నరొట్టెలు తట్టేది. ఆ దెబ్బలు పీట మీద పడుతుంటే నా చెంపల మీద పడుతున్నట్టు లేచి కూర్చునేదాన్ని. మా పెద్దనాయన కిర్రుచెప్పులు వీధి మలుపులో వినబడగానే ఆ రోజు ఆయన ఎవరిని కొడతాడో నాకు తెలిసిపోయేది. గింజల గది పక్కన ఒక చీకటి కొట్టు ఉండేది. దాంట్లో ఇసుక పోసిన కుండలు ఉండేవి. పిల్లలెవరూ పోకూడదని చెప్పేవాళ్ళు. నాకు పోవలసిన పనే లేదు. వంద అగ్గిపుల్లలు ఒక్కసారి ఆర్పినట్టు ఒక పుల్లటి వాసన ఆ తలుపు సందులోనుంచి వచ్చి నా ముక్కులో కూర్చునేది. ఆ వాసన ఎక్కువైన రోజు నాకు అన్నం పోయేది కాదు. బాంబులు చుట్టారని ఇంట్లో ఆడవాళ్ళకంటే ముందు నాకు తెలిసేది, అవి బాంబులని మాత్రం తెలిసేది కాదు.

మగతనం తప్ప ఇంకో గుణం లెక్కలో లేని ఆ ఇంట్లో నన్ను అందరూ పిరికిదన్నారు. "ఎవురికి పుట్టిందబ్బా ఈ పిల్ల, పిడుగు పడితే అంటే సరే, చెంబు పడితే కూడా ఏడుస్తాది" అని పెద్దనాయన అందరి ముందూ నవ్వేవాడు. మా చిన్నాయన ఒక్కడు నవ్వేవాడు కాదు. నన్ను కుందేలా అని పిలిచేవాడు. జీపు స్టార్టు చేసే ముందు దిగి వచ్చి, తన రెండు అరచేతులూ నా చెవుల మీద పెట్టి, "అప్పా, ఇంగ తిప్పు" అని డ్రైవరుకు చెప్పేవాడు. ఆయనకు పెండ్లయి ఏడాది కూడా కాలేదు. చిన్నమ్మ తలుపు చాటునుంచి చూసి, "నా చెవులు మూసేదానికి మనిషి లేడు ఈ ఇంట్లో" అని ఎగతాళి చేసేది.

ఆ తగాదాలో పడ్డ కొట్లాట కేసుకు నెలకోసారి జమ్మలమడుగు కోర్టులో వాయిదా ఉండేది. వాయిదా పొద్దున మా ఇల్లు ఎలా ఉండేదో ఆ కాలం చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. కోర్టుకు పోయేది ఊరి బయటి వంకను, ఆ ఎండు వాగును, దాటి పోయే ఒకటే దారి, దాని మీద రెండు పార్టీలూ పోవాలి, ఎవరు ఎప్పుడు పోతారో ఇద్దరికీ తెలుసు. కత్తులతో పని పడేది కోర్టులో కాదు, ఆ దారిలో. మగవాళ్ళు మాట్లాడకుండా అన్నం తినేవాళ్ళు. ఆడవాళ్ళు పిల్లి ఎదురొస్తుందేమో, ఎవరైనా తుమ్ముతారేమో అని వీధి చూసేవాళ్ళు.

అలాంటి ఒక పొద్దున నేను అరుగు మీద కూర్చొని ఏడవడం మొదలుపెట్టాను. "యాడనో జీపు కొట్టుకుంటాంది" అన్నాను. మా జీపు ఇంకా స్టార్టు చేయలేదు. ఎవరికీ ఏమీ వినబడలేదు. "వంక కాడ" అని వేలు చూపించాను. గాలి అటునుంచే ఉంది. నాయన నన్ను కసరబోయాడు గానీ చిన్నాయన ఆపి, గొర్రెలు కాసే మనిషిని మేకపిల్లను వెతుకుతున్నట్టు అటు పంపాడు. అతను పరుగెత్తుకొచ్చాడు. వంకలో రేగిచెట్ల వెనక జీపు ఉంది, మనుషులు ఉన్నారు. ఆ రోజు మావాళ్ళు పోలేదు, అందరూ బతికారు.

ఇంతవరకూ అందులో వింత ఏమీ లేదు. ఒక పిల్లకు చెవులు బాగా పనిచేశాయి. కానీ మా ఇంటివాళ్ళు ఆ చెవుల్ని చెవులుగా ఉండనివ్వలేదు. మా అవ్వ వచ్చి నా కాళ్ళకు పసుపు రాసింది. "గంగమ్మ పలికిందిరా పిల్ల నోట్లో" అంది. నెల తిరిగి మళ్ళీ వాయిదా వచ్చేసరికి నాకు తలంటి పోసి, కొత్త పావడ కట్టి, అరుగు మీద పీట వేసి కూర్చోబెట్టారు. సాంబ్రాణి వేశారు. డప్పు పిలిపించారు. జీపు స్టార్టు చేసి నా ముందు నిలబెట్టారు. పెద్దనాయన, నాకు చెంబు పడితే ఏడుపని నవ్విన మనిషి, తలపాగా తీసి చేత పట్టుకొని నా ముందు వంగి, "పోవచ్చునా తల్లీ?" అని అడిగాడు.

నన్ను ఏం వినబడుతోందని అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఆ డప్పు ఆపి, ఆ పొగ తీసేసి, ఒక్క నిమిషం అందరూ నోరు మూసుకొని ఉంటే చెప్పేదాన్ని. వాళ్ళు అడిగింది పోవచ్చునా అని. దానికి ఏ పిల్ల దగ్గర జవాబు ఉంటుంది? పొగకు కళ్ళు మండి, డప్పుకు చెవులు దిమ్మెక్కి, నన్ను చూస్తున్న అన్ని కళ్ళకు జడిసి నేను ఏడ్చేశాను. జీపు ఆపేశారు. పక్క నెల కూడా అంతే జరిగింది. మొదటిదానితో కలిపి మూడు వాయిదాలు ఎగ్గొట్టేసరికి కోర్టు వారెంటు పంపింది. ఈసారి రాకపోతే మగవాళ్ళందర్నీ ఎత్తుకుపోతామని పోలీసులు ఇంటికొచ్చి చెప్పిపోయారు. తర్వాతి వాయిదాకు ముందురోజు మా అమ్మ నాకు జడ వేస్తూ, ఎవరికీ వినబడకుండా, "నీకు దండం పెడతా మ్మే, రేపు ఏడ్సొద్దు. నువ్వు ఏడిస్తే పోలీసోళ్ళు మీ నాయనను కొడతారు" అంది. ఏడవకుండా ఉండడం నా చేతిలో లేదని ఆమెకూ తెలుసు.

మా వెనక గదిలో ఆ ఏడు పండిన పత్తి రాశి పోసి ఉండేది. పొద్దున నన్ను పీట మీదికి పిలవకముందే నేను అక్కడికి పోయి, గింజలు తీసేసిన దూది రెండు ఉండలు చేసి చెవుల్లో కుక్కుకున్నాను. వేలితో ఎంత లోపలికి పోతే అంత లోపలికి తోశాను. మీద జుట్టు లాక్కున్నాను. లోకం దూరంగా జరిగిపోయింది. ఆ హాయి నాకు ఇప్పటికీ గుర్తుంది, దాన్ని తలచుకోవడానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. పీట మీద కూర్చున్నాను. డప్పు ఎక్కడో పక్క ఊర్లో కొడుతున్నట్టుంది. పెద్దనాయన పెదవులు కదిలాయి. నేను నవ్వి తల ఊపాను. చిన్నాయన ఎప్పటిలాగే నా చెవులు మూయడానికి ఒక అడుగు ముందుకేశాడు. నా నవ్వు చూసి, అవసరం లేదనుకున్నాడేమో, ఆగిపోయి, వేళ్ళతో కుందేలు చెవులు చూపించి జీపెక్కాడు. ఆయన చేతులు పెట్టి ఉంటే దూది తగిలేది.

జీపు మలుపు తిరిగింది. కొంచెంసేపటికి అరుగు మీద ఉన్న ఆడవాళ్ళ తలలన్నీ ఒక్కసారిగా వంక వైపు తిరిగాయి. నాకు చప్పుడు వినబడలేదు. ఎవరో నేల మీద మూట పడేసినట్టు అరికాళ్ళకు తెలిసింది, ఒకటి, మళ్ళీ రెండు. మా అవ్వ నోరు తెరుచుకుంది. చిన్నమ్మ పరుగెత్తింది, ఆమె చేతిలోని చేట పడిపోయి శనగలు దొర్లాయి. నోళ్ళు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, ఒక్క మాటా లేదు. ఆ తర్వాత నేను చూసిన భయాలన్నిటికీ ఆ మూగ వీధే కొలత. మిగతావాళ్ళు గాయాలతో తిరిగొచ్చారు. చిన్నాయన రాలేదు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. పదకొండో రోజు దాటగానే ప్రొద్దుటూరులో మా అమ్మ పుట్టింటికి పంపి బడిలో వేశారు. నష్టజాతకురాలని తోలేశారనుకున్నాను. ఆ ఊర్లోనే చదువుకున్నాను, వాదించడం నేర్చుకున్నాను. శకునాలన్నీ అబద్ధమని పుస్తకాల్లో చదివిన రోజు నాకు కలిగిన ఆనందం ఎవరికీ చెప్పలేదు. శకునం అబద్ధమైతే నేను ఏడ్చినా నవ్వినా ఒకటే. నా దూదికి, చిన్నాయన చావుకు సంబంధం లేదు. ఆ వాదం మీద నిలబడి నేను మీటింగుల్లో అరిచాను, వ్యాసాలు రాశాను, రాళ్ళు పడినా వేదిక దిగలేదు. భయంలేని మనిషినని పేరు తెచ్చుకున్నాను. మైకు కూత పెడితే నా పండ్లు కరుచుకుపోతాయని, ప్రతి మీటింగు తర్వాత తలుపేసుకొని తలకు తడిగుడ్డ చుట్టుకొని పడుకుంటానని ఎవరికీ తెలియనివ్వలేదు. ఇప్పుడు ఈ డాక్టరమ్మ, వినబడింది అంటే నిజంగా వినబడిందనే అంటోంది. గంగమ్మ అబద్ధం, సరే. మరి నా చెవులు? అవి నిజం. డప్పు ఆగిన సందులో, జీపు కదలకముందు, దూది లేకపోతే వంకలో ఇంకో ఇంజను కొట్టుకోవడం నాకు వినబడేదేమో. మూఢనమ్మకం నన్ను విడిచిపెట్టింది, సైన్సు పట్టుకుంది. ఇంత వాదించి చివరికి నేను తెచ్చుకున్న రుజువు ఇది.

వారం రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత కొండాపురం పక్కన, ముంపు ఊర్లవాళ్ళకు కట్టిచ్చిన కాలనీకి బస్సెక్కి పోయాను. చిన్నమ్మ అక్కడ ఒక రెండు గదుల ఇంట్లో ఉంటుంది. మళ్ళీ పెండ్లి చేసుకోలేదు, మేకలతో బతికింది. కళ్ళు మసక, నోరు మాత్రం పదును.

"ఎవురబ్బా? ఓ, మీటింగులామె. ఈడ దేవుడు లేడని మాకు తెలుసులేమ్మే, ఉంటే ఊరు మునిగిండునా" అంది నన్ను చూసి.

నేను నీళ్ళు కూడా తాగకుండా చెప్పేశాను. ఎక్కడైనా గంటసేపు గుక్క తిప్పుకోకుండా మాట్లాడేదాన్ని, నాలుగు మాటలకు నోరు ఎండిపోయింది. ఆ పొద్దున నా చెవుల్లో దూది ఉండిందని చెప్పాను. ఆమె గడప మీద ఉన్న మేకపిల్లను బయటికి అదిలించింది.

"తెలుసు" అంది.

"ఎట్ల తెలుసు?"

"పొద్దుగూకినాక నా ఒళ్ళో తల పెట్టుకొని పండుకుంటివి గదా. జుట్టు తీస్తే కనపడె. రెండు ఉండలూ తీసి పొయ్యిలో ఏసినా."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవురికి చెప్పేది? మీ పెద్దనాయనకా? నిన్ను వంకలోనే పూడ్సేటోడు." ఆమె ముక్కు చీది చెంగుతో తుడుచుకుంది. "నేనే మీ నాయన కాళ్ళు పట్టుకుంటి. దీన్ని ప్రొద్దుటూరికి తోలు, ఈడ ఉంటే ఇంకా కూసోబెడతారు పీట మింద, తోలకపోతే బాయిలో పడతా అంటి. తోలె."

నన్ను తోలేశారని అరవై ఏళ్ళు నేను అనుకున్నదాని వెనక ఆమె ఉంది. నా చదువు, నా వాదాలు, నా పేరు, అన్నీ ఆమె పట్టుకున్న ఆ కాళ్ళ దగ్గర మొదలయ్యాయి. నాకు దుఃఖం పొంగింది గానీ నేను వచ్చిన పని అది కాదు. "చిన్నమ్మా, దూది లేకుంటే నాకు వినబడిండేదా?" అని అడిగాను.

"వినపడిండొచ్చు. వినపడకపోయిండొచ్చు. నాకేం తెలుసు" అంది. అబద్ధం చెప్పి నన్ను ఊరడించడం ఆమెకు చేతకాదు. "కోపం శానా వచ్చిందిలే. ఆ పదకొండు దినాలూ నీ మొగం చూడబుద్ధి కాలే. నువ్వు బస్సెక్కేటప్పుడు కూడా లోపలే ఉంటి. ఆ పైన అనుకుంటి, పన్నెండు మంది మొగోళ్ళు, మీసాలు మెలేసినోళ్ళు, పానాలు తీస్కపోయి ఎనిమిదేండ్ల పిల్ల ఏడుపు మింద పెట్టిరి. చెవులు మూసుకున్నెది నీ తప్పా? మాకు చెవులు లేవా? నాకు లేవా?" లేచి నిలబడి, "మజ్జిగ తాగుతావా?" అంది.

నాకు విడుదల దొరకలేదు. దొరుకుతుందని పోయానేమో, దొరకలేదు. కానీ ఆ ప్రశ్నను ఇంకొక మనిషి కూడా మోస్తోందని తెలిసింది, అది కొంత తేడా.

తిరిగొచ్చిన మర్నాటి ఉదయం మా తమ్ముడు పులివెందులలో పార్టీ మీటింగుకు బయలుదేరుతున్నాడు. ఈ కాలం వేరు. కార్లో పోతారు, కండువాలు వేసుకుంటారు, ఫోన్లో తిట్టుకుంటారు, కొట్టుకోవడం తక్కువ. మొన్న వంటింట్లో గ్యాసు కారుతుంటే అందరికంటే ముందు వెన్నెల కనిపెట్టింది. అప్పటినుంచీ తాతకు పిల్ల మీద గురి. చెప్పులు వేసుకుంటూ, నవ్వుతూ, ముద్దుగా, "ఏం తల్లీ, పోవచ్చునా తాత?" అని అడిగాడు.

పిల్ల ముఖంలో రంగు మారడం నేను చూశాను. ఆ ముఖం నాకు తెలుసు.

"దాన్ని అడగొద్దు" అన్నాను.

"ఏందక్కా, తమాషాకు..."

"తమాషాకు కూడా వద్దు. నువ్వు పోవాలనుకుంటే పో, వద్దనుకుంటే మానుకో. మీసం నీకుంది, నిర్ణయం నువ్వే చేసుకో."

వాడు నా గొంతు విని నిజంగానే బెదిరాడు. నవ్వు ఆపి, కారెక్కి పోయాడు. వెన్నెల నా పక్కకొచ్చి కొంగు పట్టుకుంది.

"అవ్వా, నీకు భయమైతాందా?"

ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. నేను అడగనివ్వలేదు. "అవును, శానా" అన్నాను.

"నాకూ. కారు సౌండు ఇంకా ఇనపడ్తాంది."

"నీకు వినబడేవన్నీ నాకు చెప్పు, నమ్ముతా. కానీ తాత కోసం నువ్వు వినాల్సిన పని లేదు. పోయి ఆడుకో."

పిల్ల, నేను నిజంగా పంపుతున్నానో లేదో నా ముఖంలో వెతికి, పెరట్లోకి పోయింది. నేను గేటు దగ్గర కుర్చీ వేసుకొని, మా తమ్ముడు తిరిగొచ్చేదాకా, అన్నానికి కూడా లేవకుండా, రోడ్డు మీద పోయే ప్రతి బండి చప్పుడూ వింటూ కూర్చున్నాను.